ఉగాదినాటి పనసపొట్టు కూర

విశాఖపట్నం నుంచి ఒకావిడ ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో కంచిలి వైపు ఉద్దానం పల్లె అని మాత్రం చెప్పి ఊరుకుంటాను. ఆవిడకి నలభై మూడేళ్ళు, మధురవాడలో కాపురం, ఇద్దరు పిల్లలు, ఇంట్లోనే ట్యూషన్లు చెబుతారు. పుట్టింట్లో డెబ్బై నాలుగేళ్ళ నాన్న, అన్నయ్య, వదిన, పద్నాలుగేళ్ళ మేనకోడలు ఉంటారు. అమ్మ పోయి రెండున్నరేళ్ళయింది.

అమ్మ పోయాక ఆవిడ ఒక నోట్‌బుక్కు మొదలుపెట్టారు. అమ్మ వంటలు గుర్తున్నంతవరకు రాసుకోవడం, పక్కనే చిన్నప్పటి కబుర్లు రాసుకోవడం. జీడిపిక్కలు కాల్చి కొడుతుంటే చేతులు పొక్కిపోయిన రోజు, నౌపడ నుంచి బస్తాల్లో వచ్చే గళ్ళుప్పు, పెరట్లో పనసచెట్టు కింద నులక మంచం, ఇలాంటివి. నానమ్మ పనసకాయని ముక్కల పులుసే చేసేదట, పొట్టు కొట్టి ఆవ పెట్టడం అమ్మ బొబ్బిలి నుంచి తెచ్చిన పద్ధతట. "నాకున్న హాబీ ఇదొక్కటే" అని రాశారు. పండక్కో పబ్బానికో పలాస పాసింజరెక్కి పుట్టింటికి వెళ్ళడం, చేతిసంచీ దించగానే వంటింట్లోకి దూరి నోట్‌బుక్కులో ఉన్నదొకటి వండడం అలవాటయింది.

మొన్న ఉగాదికి పిల్లలకి పరీక్షలని ఒక్కరే వెళ్ళారు. దారిలో పలాసలో లేత పనసకాయ కొన్నారు, పెరట్లో చెట్టు 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పడిపోయింది మరి. పొట్టు కొట్టి, ఉడకబెట్టి, నీళ్ళు పిండేసి, పోపులో పచ్చి జీడిపప్పు వేసి కూర తనే చేశారు. ఆవ మాత్రం అమ్మ రోట్లో వదిన నూరి ఇచ్చారు. నాన్న రెండోసారి వడ్డించుకుని "ఇన్నాళ్ళకి మీ అమ్మ చేతి కూర తిన్నానమ్మా" అన్నారు. ఈవిడకి కళ్ళమ్మట నీళ్ళు. ఆ పూటే ఫొటో తీసి చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో "రెండేళ్ళ తర్వాత నాన్న కడుపు నిండా తిన్నారు" అని పెట్టారు. మేనత్తలు, పిన్నులు, బాబాయిలు వరసగా దండాలు, ఏడుపు బొమ్మలు.

మర్నాడు వదిన వంటింట్లోకి రాలేదు. "నువ్వున్నన్నాళ్ళూ నువ్వే చెయ్యమ్మా, నాకూ కాస్త తెరిపి" అన్నారట, నవ్వుతూనే. విశాఖ వచ్చాక అన్నయ్య ఫోన్ చేసి "వచ్చినప్పుడు తిని వెళ్ళవే, పరీక్షలు పెట్టకు" అన్నాడు. అప్పట్నుంచి వదిన ఫోన్ లేదు. ఇప్పుడు సెలవులిచ్చారు, పిల్లల్ని తీసుకుని పది రోజులు వెళ్ళాలని ఈవిడ కోరిక. పిల్లలు రామంటున్నారు, చిన్నది "అక్కడ నువ్వు మాతో ఉండవు కదా" అంటోంది. భర్తేమో రెండ్రోజులుండి వచ్చెయ్, లేదంటే మీ నాన్ననే ఇక్కడికి తెచ్చుకో అంటున్నారు. అమ్మ ఆవ నూరే చిన్న రాతి రోలు, ఉప్పు జాడీ తెచ్చుకోవాలని ఉంది కానీ అడగాలంటే భయం. "అమ్మ వంట చేసుకోవడం కూడా తప్పేనా, నేను క్షమాపణ చెప్పాలా, అసలు వెళ్ళడమే మానుకోవాలా?" అని అడిగారు. చివరి పేజీ అడుగున, ఏదో మర్చిపోయి చేర్చినట్టు, రెండు ముక్కలున్నాయి. నాన్నకి క్రియాటినిన్ పెరిగిందని, అంటే కిడ్నీ సరిగ్గా పనిచెయ్యడం లేదని, డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడట, వదిన దాన్ని పట్టుకుని ఇంటిల్లిపాదికీ పత్యం కూడే పెడుతోందట. రెండోది, తను విశాఖలో చేస్తే ఆవ ఎందుకు చేదెక్కుతోందని.

అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు నేను పూర్తిగా మీ వైపే ఉన్నాను. అమ్మని పోగొట్టుకున్న కూతురు, నాన్నకి ఒక పూట ఇష్టంగా వండిపెట్టింది, దానికింత గొడవా అనుకున్నాను. రెండోసారి చివరి పేజీ నుంచి మొదలుపెట్టి చదివాను. ఆ ఉప్పు ముక్క అడుగున కాకుండా మొదటి పేజీలో ఉండుంటే మీరే వేరే ఉత్తరం రాసుండేవారేమో.

ఉద్దానం ఆడపిల్లకి నేను చెప్పాల్సిన మాట కాదిది. క్రియాటినిన్ అనే మాట మిగతా ఊళ్ళలో రిపోర్టులో ఉంటుంది, మీ వైపు చదువు రాని ముసలమ్మ నోట్లో కూడా ఉంటుంది. అక్కడ ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో, ఇన్నేళ్ళుగా నీళ్ళూ మట్టీ ఎన్ని పరీక్షలు చేసినా కారణం ఫలానా అని తేల్చలేకపోయారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారంటేనే అర్థమవుతుంది కదా, ఒక ఇంట్లో ఆ రిపోర్టు వస్తే ఆ ఇంటి కోడలికి రాత్రి నిద్ర ఎలా పడుతుందో. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, బీపీ పెరుగుతుంది, ఆ బీపీ మళ్ళీ కిడ్నీ మీదే పడుతుంది. అందుకని ఆవకాయ జాడీ దాచెయ్యాలి, ఎండుచేప మానిపించాలి, కొందరికైతే పొటాషియం కూడా తగ్గించాలని కూరముక్కలు ఎక్కువ నీళ్ళలో ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోయమంటారు. ఇంత చేసి కంచంలో పెడితే ఆ పెద్దాయన మొహం ముడుచుకుంటారు. రోజుకి రెండు పూటలా ఆ మొహం చూసేది మీ వదిన.

ఇప్పుడు మీరు గ్రూపులో పెట్టిన మాట ఆవిడ కళ్ళతో ఒకసారి చదవండి. "రెండేళ్ళ తర్వాత నాన్న కడుపు నిండా తిన్నారు." మీ లెక్కలో అది అమ్మ గురించి రాసిన మాట. చదివిన మేనత్త లెక్కలో, ఈ రెండేళ్ళూ కోడలు ఆయన్ని మాడ్చిందని. కూర దగ్గర ఆవిడకి బాధ లేదనే నా నమ్మకం. బాధే ఉంటే దగ్గర కూర్చుని ఆవ నూరి ఇస్తారా? ఆ పోస్టు దగ్గర కలుక్కుమంది. మీరు ఉత్తరంలో కూర గురించి ఒకటిన్నర పేజీ రాసి, పోస్టు గురించి రెండు లైన్లు రాశారు. ఆ కొలతలే తారుమారయ్యాయి.

వదిన తరఫున వకాల్తా పుచ్చుకున్నానని కోపం తెచ్చుకోకండి. ఇంటిల్లిపాదికీ చప్పిడి కూడు పెట్టడం అవసరమా అంటే, అందులో మీ వాదనకీ పస ఉంది. కూర దించేముందు నాన్నగారి వాటా వేరే గిన్నెలోకి తీసి, మిగతాదాంట్లో ఉప్పు వేసుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. కానీ ఒకే కంచం వరసలో కూర్చుని పక్కవాళ్ళు ఆవకాయ కలుపుకుంటుంటే ఆ ముసలాయన ఊరుకుంటారా అనే ఆలోచన కూడా ఆవిడకి ఉండి ఉండొచ్చు. అడిగితే తెలుస్తుంది. మీరు అడిగినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

నా సంగతొకటి చెబుతాను. మాది విజయనగరం. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరకి మా ఇంట్లో పాతికమంది దిగుతారు, చూడ్డానికి వచ్చేది అమ్మవారినే అయినా చూసి వెళ్ళేది మా వంటింటిని కూడా. ఒక ఏడు మా పెద్ద ఆడపడుచు పులుసు గిన్నె మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూత పెట్టింది. ఒక్క మాట అనలేదు. పదిహేనేళ్ళయింది, ఆ మూత చప్పుడు నాకింకా వినిపిస్తుంది. ఇందులో తమాషా ఏమిటంటే ఆ మరుసటి నెల నేను మా అమ్మగారింటికి వెళ్ళి మా మరదలి వంటింట్లో అచ్చంగా ఆ పనే చేశాను. చేశానని నాకు తెలీదు, మా తమ్ముడు చెబితే తెలిసింది. కాబట్టి మీ అన్నయ్య మాట ఎంత మొరటుగా ఉన్నా, చెప్పేవాడు ఒకడున్నాడని సంతోషించండి.

సరే, ఇప్పుడేం చెయ్యొచ్చు? ఏమీ అనకుండా సెలవులకి మామూలుగా వెళ్ళిపోవచ్చు. మన ఇళ్ళలో సగం తగువులు అలాగే సద్దుమణుగుతాయి, ఎవరూ ఎవరికీ సారీ చెప్పరు, ఎవరో ఒకరు టీ తెచ్చి ఇస్తారు, అయిపోయింది. అదీ పనికొచ్చే దారే. కాకపోతే ఈసారి వదిన "నువ్వే చెయ్యమ్మా" అని పక్కకి తప్పుకోవడం కొనసాగితే పది రోజులూ మీరే వంటమనిషి, ఆవిడే చుట్టం. పైగా పద్నాలుగేళ్ళ పిల్ల ఇదంతా చూస్తోంది. మీ నోట్‌బుక్కు నిండా మీ చిన్నతనం ఉంది, బాగుంది, కానీ ఆ ఇంట్లో ఇప్పుడు ఒక చిన్నతనం నడుస్తోంది కదా. రేపు నలభై ఏళ్ళొచ్చాక ఆ పిల్లకి గుర్తొచ్చే అమ్మ వంట ఈ ఉప్పు తక్కువ వంటే. దానికి మేనత్త వంక పెట్టి వెళ్ళిందని గుర్తుండటం మీకిష్టమా?

లేదా ముందే ఫోన్ చెయ్యొచ్చు. చేస్తే అన్నయ్యకి కాకుండా నేరుగా వదినకి చెయ్యండి, ఆవిడకి తీరికుండే వేళ, మధ్యాహ్నం మూడింటికి. కూర గురించి క్షమాపణ వద్దు, అది అబద్ధమవుతుంది, ఆవిడకీ తెలిసిపోతుంది. "నీకు బాధ కలిగుంటే" అనే మాట కూడా వద్దు, అలా అంటే తప్పు మళ్ళీ ఆవిడ మీదకే వెళ్తుంది. "వదినా, గ్రూపులో నేను రాసింది తప్పు. నువ్వు పెడుతున్నది తిండే కానట్టు రాశాను, రాసేటప్పుడు తోచలేదు" అంటే చాలు. ఆవిడ "అయ్యో అదేం లేదమ్మా" అంటే నమ్మినట్టే ఊరుకోండి, లేదు చెప్పు చెప్పు అని తవ్వకండి. ఇంకోలా కూడా జరగొచ్చు, పదహారేళ్ళదో ఇరవై ఏళ్ళదో మూట విప్పొచ్చు, అందులో మీ అమ్మగారి మీద మాటలు కూడా ఉండొచ్చు. మీకు కష్టంగా ఉంటుంది. అమ్మ మీకు అమ్మ, ఆవిడకి అత్తగారు, ఒకే మనిషి ఇద్దరికీ ఒకేలా గుర్తుండదు. ఆ మాటలు విని మోయగలనా అని చూసుకుని ఫోన్ తీయండి. ఇవాళ మోయలేననిపిస్తే వారం ఆగినా పరవాలేదు.

నాన్నని విశాఖ తీసుకురావడం గురించి. మీవారు ఎంత తేలిగ్గా అన్నారో అంత తేలిక కాదు. అరుగు మీద కూర్చుని దారినపోయే ప్రతి ఒక్కరినీ పలకరించే మనిషిని లిఫ్టున్న ఇంట్లో కూర్చోబెడితే నాలుగో రోజుకి "మా ఊరు పంపించెయ్యండి" అంటారు. పరీక్షలు, మందులు ఎక్కడ నడుస్తున్నాయో అక్కడి నుంచి కదిపేముందు డాక్టరుని అడగాలి. ఊళ్ళో ఏమంటారో కూడా ఆలోచించండి, కోడలు చూడలేదు, కూతురు పట్టుకుపోయింది అంటారు, ఆ మాట మోసేది మళ్ళీ వదినే. అయినా సరే, తీసుకురావద్దని నేననను. వదినకి నిజంగానే తెరిపి కావాలేమో, ముందు ఆవిడని అడిగి, ఆవిడకి సరేనంటే పదిహేను రోజులు తెచ్చుకోండి. తెచ్చుకుంటే ఆ పదిహేను రోజులూ ఉప్పు కొలిచి వండాల్సింది మీరు. ఆయన కంచం పక్కకి నెట్టి "మీ అమ్మయితేనా" అంటే వినాల్సిందీ మీరే. ఒక జాగ్రత్త చెప్పాలి, సూపర్ మార్కెట్లో సోడియం తక్కువని అమ్మే ఉప్పు కొని పొంగిపోకండి, అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది, కిడ్నీ సరిగ్గా పనిచెయ్యనివాళ్ళకి అది మామూలు ఉప్పుకంటే ప్రమాదం కావచ్చు. డాక్టరు సరే అంటే తప్ప ఇంట్లోకి తేవద్దు. ఉగాది కూరలో మీరు వేసిన ఉప్పు సంగతి కూడా వదిన మనసులో ఉండి ఉంటుంది, పండగపూట పైకి అనలేదేమో.

మీవారు చెప్పిన రెండ్రోజుల మాటలో కొంత తెలివి ఉంది. పది రోజులు చుట్టరికానికి ఎక్కువ, కాపురానికి తక్కువ. నాలుగు రోజులైతే ఎవరి ఓపికా అయిపోకముందే బస్సెక్కొచ్చు. పిల్లల్ని బలవంతంగా తీసుకెళ్తే ఏమవుతుందో మీ చిన్నదే చెప్పింది. ఆ పిల్ల మాట నాకు మీ ఉత్తరం మొత్తంలోకి బాగా తగిలింది. మీరు వాళ్ళని మీ చిన్నతనం చూపించడానికి తీసుకెళ్తున్నారు, వాళ్ళకక్కడ కనిపించేది లేని పనసచెట్టు, వంటింట్లో కళ్ళు తుడుచుకుంటున్న అమ్మ. ఒక పూట వంటింటి ముఖం చూడకుండా బారువ బీచ్‌కి తీసుకెళ్ళండి, మేనకోడల్ని కూడా ఎక్కించుకోండి, ముగ్గురు పిల్లలూ తడిసి ఇసక మోసుకొచ్చి తిట్లు తింటారు. జీడిమామిడి పండు కొరికి గొంతు గరగరలాడితే వాళ్ళే నీళ్ళు తాగుతారు. అవి మీ నోట్‌బుక్కులోకి ఎక్కకపోయినా ఫరవాలేదు.

ఆ నోట్‌బుక్కు మానెయ్యమని మాత్రం ఎవరు చెప్పినా వినకండి. కాకపోతే అందులో ఒకటి తక్కువైంది. మీ నానమ్మ పనసకాయ పులుసు చేసేదని, ఆవ పెట్టడం అమ్మ బొబ్బిలి నుంచి తెచ్చిందని మీరే రాశారు. అంటే కొత్త కోడలు వచ్చి అత్తగారి పులుసు పక్కన తన కూర పెట్టిన రోజు ఒకటి ఆ ఇంట్లో ఉంది. అప్పుడు నాన్నగారు ఏమన్నారో, నానమ్మ ఏమందో? అరుగు మీద కూర్చున్నప్పుడు ఆయన్నే అడగండి. నాకైతే ఆ పేజీ చదవాలనుంది.

ఇక రోలు, జాడీ. ఉప్పు జాడీ గురించి నాన్న, అన్నయ్య, వదిన ముగ్గురూ ఉన్నప్పుడు మామూలుగా అడగండి, చాటుగా ఒకరినే అడిగితే ఆ ఒకరు ఇరుక్కుంటారు. ఇస్తే తెచ్చుకోండి, అది ఇప్పుడు ఎలాగూ అంత నిండదు. రోలు విషయంలో మాత్రం ఆగి ఆలోచించండి. అమ్మ గుర్తుగా మూల పడి ఉన్న వస్తువైతే కూతురు అడగడంలో అన్యాయం లేదు. కానీ ఉగాది నాడు వదిన ఆవ నూరింది ఆ రోట్లోనే. అంటే అది మూల పడి లేదు, వాడుకలో ఉంది, ఆవిడ చెయ్యి అలవాటు పడింది. విశాఖ తెస్తే అది టీవీ పక్కన కూర్చుంటుందేమో.

చివరగా, ఆవ ఎందుకు చేదెక్కుతోందని అడిగారు. ఆవాలు పొడిగా ఉన్నంతసేపూ ఘాటుండదు, నీళ్ళు తగిలి నలిగాకే ఆ ఘాటు పుడుతుంది, నూరి కాసేపు ఉంచితే పెరుగుతుంది. పొయ్యి మీద ఉన్న కూరలో కలిపితే ఘాటు ఎగిరిపోయి చేదు మిగిలిపోతుంది, అందుకే కూర దించి, చల్లారాకే ఆవ పెట్టాలి. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే ముద్ద అక్కడే వేడెక్కిపోతుంది. మీరు ట్యూషన్ల మధ్యలో హడావిడిగా మిక్సీలో వేసి, పొయ్యి మీదే కలిపేస్తున్నారని నా అనుమానం.

అయితే ఇది పుస్తకం సమాధానం. పనసపొట్టు కూరలో మిగతాదంతా ఉడకబెట్టడం, పిండటం, పోపు. అది అమ్మ చేతి కూర అనిపించేది ఆవ దగ్గరే. మీ ఇంట్లో మీరు చేస్తే ఆ ఆవ చేదెక్కింది, ఉగాది నాడు ఎక్కలేదు. ఆ రోజు నాన్నగారు నోట్లో పెట్టుకుని "మీ అమ్మ చేతి కూర" అన్నది మరి ఎవరు నూరిన ఆవ? అత్తగారి పక్కన కూర్చుని అన్నేళ్ళు చూసి నేర్చుకున్న చెయ్యి అది, ఆ రుచి ఆ ఇల్లు దాటి ఎక్కడికీ పోలేదు. ఆ ఫొటో గ్రూపులో ఇంకా ఉంది కదా, దాని కింద ఒక లైను రాయొచ్చు, "ఆవ నూరింది వదిన" అని, ఇంకేమీ కలపకుండా. ఎంత నీళ్ళు, ఎంతసేపు, పసుపు ముందా తర్వాతా అన్నది ఆవిడనే అడిగి రాసుకోండి. మే నెలలో వెళ్తే పొట్టుకి కాయలు ముదిరిపోయి ఉంటాయి, అరటికాయకి ఆవ పెట్టమనండి. నాన్నగారి గిన్నెలో ఉప్పు ఎంత ఉండాలో ఆవిడ చూసుకుంటారు.